6 లక్షల్లో 100 గుర్రాలు: మన ఎండకు, మన ఘాట్‌కు ఏ ఇంజిను నిలుస్తుంది?

నాకు కావలసింది ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ధర 6 లక్షలు దాటకూడదు. ఇంజిను 100 హార్స్‌పవర్‌కు తగ్గకూడదు. పెట్రోలు బండి కావాలి, గేర్లు నా చేత్తో నేనే వేసుకునేదైతే మరీ మంచిది. ఇంటిల్లిపాదీ కూర్చుని తిరుమలకు పోయి రావాలి. ఒక్కడినే ఉన్నరోజు భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె దాకా పోతే ఒళ్ళు పులకరించాలి.

నేను చిత్తూరు దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. తోతాపురి కాయ దిగే జూన్, జులై నెలల్లో బాయిలర్లు, పంపులు తప్ప ఇంకో లోకం ఉండదు. సీజను ముగిసిందంటే నా ధ్యాసంతా కార్ల మీదే. మా నాయన ఆర్టీసీ డ్రైవరు, రిటైరయ్యేదాకా తిరుమల ఘాట్ బస్సే నడిపాడు. చిన్నప్పుడు ఆయన వెనక సీట్లో కూర్చుని, ఇంజిను గొంతు విని ఇప్పుడు గేరు మారుస్తాడు అని ముందే చెప్పేవాణ్ణి. ఆ పిచ్చి ఇంకా పోలేదు, పోకూడదు కూడా.

పాత బండి కొంటున్నానని తెలిసిన వెంటనే చుట్టూ ఉన్నవాళ్ళు కంపెనీ పేర్లతో తీర్పు చెప్పేస్తారు. హోండా అయితే కళ్ళు మూసుకుని తీసుకో, జర్మన్ బండి అయితే ఇల్లు అమ్ముకోవాలి, ఫియట్ ఊసే ఎత్తవద్దు. ఈ లెక్క నాకు ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు. ఏ ఇంజినుకైనా దాని బలహీనత దానికి ఉంటుంది. అది ఏమిటో తెలుసా, పాత ఓనరు దానికి తగ్గట్టు చూసుకున్నాడా, రేపు అది బయటపడితే తిరుపతిలోనో చిత్తూరులోనో విప్పి సరిచేయగలిగిన మనిషి ఉన్నాడా? నేను ఈ మూడే చూస్తాను. మూడింటిలోనూ రెండోదే అన్నిటికన్నా పెద్దది.

హోండా సివిక్‌నే తీసుకోండి. 2006 నుంచి 2013 దాకా మన దేశంలో అమ్మిన ఆ 1.8 ఐవీటెక్ ఇంజిను, 1799 సీసీ, 132 పీఎస్ (పీఎస్ అంటే దాదాపు హార్స్‌పవరే), గాలిని ఒత్తి లోపలికి నెట్టే టర్బో లేదు, వాల్వులను సమయానికి తెరిపించేది బెల్టు కాదు, టైమింగ్ చెయిన్. చక్కటి ఇంజిను, నాకు ప్రాణం. అంత చక్కటి ఇంజినుకు కూడా అమెరికాలో 2006 నుంచి 2008 దాకా తయారైన బండ్లలో బ్లాకు పగిలి కూలంట్ (ఇంజినును చల్లబరిచే ద్రవం) కారితే, హోండా వాళ్ళు ఆ బ్లాకుకు వారంటీ 10 ఏళ్ళకు పెంచాల్సి వచ్చింది. అంటే దేవుడు అనుకున్న ఇంజినుకు కూడా ఒక చోట నలుసు ఉంది. పైగా దీనికి ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, చేత్తో సరిచేయాలి. చెయిన్ కదా, ఏమీ చేయనక్కరలేదు అనుకునే ఓనర్లు ట్యాపెట్ల సంగతి మరిచిపోతారు. నేను చూసిన సివిక్‌లలో ఆ పని చేయించిన బిల్లు చూపించినవాళ్ళు అరుదు. మా వీధి స్పీడ్ బ్రేకర్లకు దాని పొట్ట తగులుతుందన్నది ఇంకో బాధ. మనసు చంపుకుని పక్కన పెట్టాను.

మన ప్రాంతంలో పాత బండికి అసలు శత్రువు కిలోమీటర్లు కాదు, బోరు నీళ్ళు. ఇది నేను బల్ల గుద్ది చెప్తాను. ఫ్యాక్టరీలో బాయిలరుకు మెత్తబరచని నీళ్ళు పెడితే ట్యూబుల లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు వేడిని దాటనివ్వదు, ట్యూబు లోలోపలే కాలిపోతుంది. కారు ఇంజినులో జరిగేదీ అచ్చం అదే. రేడియేటరులో కూలంట్ తగ్గిందని దారిలో ఏదో హోటల్ కాడ కొళాయి నీళ్ళు పోస్తారు. తర్వాత అదే అలవాటవుతుంది. కూలంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, మరిగే ఉష్ణోగ్రతను కూడా పెంచుతుంది. పచ్చి నీళ్ళకు ఆ రెండూ లేవు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కించినప్పుడు అల్యూమినియం సిలిండర్ హెడ్ ఒక్కసారి వేడెక్కి వంగితే చాలు, హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఓనరు పైపైన బాగు చేయించి అమ్మకానికి పెడతాడు.

అందుకే ఏ బండి దగ్గరికి పోయినా, బండి చల్లగా ఉన్నప్పుడు నేను మొదట తెరిచేది కూలంట్ డబ్బా మూత. రంగు స్వచ్ఛంగా ఉండాలి. టీ రంగులో ఉంటే ఆ ఓనరు గురించి నాకు ఇంకేమీ తెలియనక్కరలేదు. ఆ తర్వాత ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూస్తాను. నల్లటి జిడ్డు మడ్డి పేరుకుని ఉంటే ఆయిల్ సమయానికి మార్చలేదని అర్థం. మీగడ లాంటి తెల్లటి పొర ఉంటే లోపల నీటి చెమ్మ ఉందని. వానాకాలంలో దగ్గర దగ్గర తిరిగే బండికి కొంచెం తేమ మామూలే, కూలంట్ కూడా తగ్గుతుంటే మాత్రం వదిలేయాలి.

ఇక టర్బోల సంగతి. మా బావమరిది బెంగళూరులో ఉంటాడు, పోలో జీటీ టీఎస్‌ఐ నడుపుతాడు. 2013లో మన దగ్గరికి వచ్చిన బండి, 1197 సీసీ, 105 పీఎస్, లాగే బలం 175 న్యూటన్ మీటర్లు, క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే డీఎస్‌జీ గేర్‌బాక్సు. "బావా, ఒక్కసారి డీఎస్‌జీ నడిపితే నువ్వు మళ్ళీ క్లచ్ తొక్కవు" అంటాడు. నిజమే, గేరు మారిన సంగతే తెలియదు, కళ్ళు మూసి తెరిచేలోగా ముందు లారీ వెనకబడిపోయి ఉంటుంది. మొగిలి ఘాట్‌లో ఆ బండి తోలినప్పుడు నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

కానీ ఆ 7 గేర్ల పెట్టె లోపల ఉన్నవి ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌లు. 2013 చివర్లో ఫోక్స్‌వాగన్ ప్రపంచమంతటా దాదాపు 16 లక్షల బండ్లను వెనక్కి పిలిచి, ఈ గేర్‌బాక్సులో సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసింది. వేడి, తేమ ఎక్కువగా ఉన్న చోట, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో కరెంటు షార్ట్ అయ్యే ప్రమాదం ఉందని కారణం చెప్పింది. ఇప్పుడు బ్రహ్మోత్సవాల్లో అలిపిరి చెక్‌పోస్టు ముందు వరస గుర్తు తెచ్చుకోండి. వేడి, ఆగడం, కదలడం, అదీ ఎగువకు. అడుగు కదిలిన ప్రతిసారీ పొడి క్లచ్ రాసుకుంటూనే ఉంటుంది. బావమరిదికి నేను చెప్పింది ఒకటే: "బెంగళూరులో మెకట్రానిక్స్, అదే ఆ గేర్లను నడిపే కంప్యూటరు పెట్టె, విప్పేవాడు నీకు పక్క వీధిలో దొరుకుతాడు. నాకు బండి లారీ మీద పంపాల్సి వస్తాది రా." అదే పోలో 2020లో మాన్యువల్ గేర్లతో, 110 పీఎస్ 1.0 టీఎస్‌ఐతో వచ్చింది. అది నాకు చాలా ఇష్టం. బాగున్న బండికి అడిగే ధరలు మాత్రం నా కాగితం మీది అంకె దాటి పోతున్నాయి.

స్కోడా లారా 1.8 టీఎస్‌ఐ గురించి రెండే మాటలు. 160 పీఎస్, 6 గేర్ల మాన్యువల్, ధర నాకు అందుబాటులోనే. ఆ తరం 1.8 టీఎస్‌ఐ ఇంజిన్లు ఆయిల్ తాగుతాయన్నది, టైమింగ్ చెయిన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బలహీనమన్నది ప్రపంచానికంతా తెలిసిన సంగతి. ఆయిల్ తాగడం ఆపాలని పిస్టన్ రింగులు మార్చాలంటే ఇంజిను దించాల్సిందే. మొత్తం పని చేయించిన బిల్లులతో దొరికితే తీసుకోవచ్చు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ కూడా అంతే. 125 పీఎస్ ఇచ్చే ఆ మూడు సిలిండర్ల ఇంజిను 2012, 2013, 2014 వరసగా మూడేళ్ళు ప్రపంచ ఉత్తమ ఇంజిను బహుమతి తెచ్చుకుంది. దాని టైమింగ్ బెల్టు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. సరైన ఆయిల్ వాడకపోతే, సమయానికి మార్చకపోతే బెల్టు చివికి ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడలో అడ్డం పడతాయి. ఆయిల్ అందని ఇంజిను ఎంతసేపు బతుకుతుంది? పాత ఓనరు ఏ ఆయిల్ పోశాడో బిల్లు చూడకుండా ఆ ఇంజిను కొనడం నాకు మనస్కరించలేదు.

నిజంగా నిద్ర పట్టనివ్వని బండి ఫియట్ లీనియా టీ-జెట్. 2010లో వచ్చింది, 1368 సీసీ టర్బో, 114 పీఎస్, 207 న్యూటన్ మీటర్లు. పోత ఇనుము బ్లాకు, పెట్రోలు నేరుగా సిలిండరులోకి కాకుండా వాల్వు ముందే చల్లే పాత పద్ధతి. అందువల్ల వాల్వుల మీద మసి కట్టే బాధ తక్కువ. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. స్టీరింగు చేతికి రోడ్డు మొత్తం చెప్తుంది. ఫియట్ ఊసెత్తవద్దు అనేవాళ్ళు ఒకటి మరిచిపోతారు. ఇదే వీధుల్లో లక్షల కిలోమీటర్లు తిరిగిన స్విఫ్ట్ డీజిల్, ఇండికా విస్టా క్వాడ్రాజెట్ ఇంజిన్లు ఫియట్ 1.3 మల్టీజెట్‌వే. ఆ ఇంజిన్లను మన మెకానిక్‌లు కళ్ళకు గంతలు కట్టినా విప్పి బిగిస్తారు.

రేణిగుంట రోడ్డులో నేను నమ్మే మెకానిక్ అన్న షెడ్డుకు పోయి టీ-జెట్ గురించి అడిగాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఇంజినుకు ఢోకా లేదబ్బయ్యా. బెల్టు మార్చినావంటే లాగుతానే ఉంటాది. నాకు భయం ఇంజిను కాదు. రేపు ముందర లైటు పగిలితే యాడ తెస్తావ్? డోరు రబ్బరు యాడ తెస్తావ్?" అన్నాడు. ఫియట్ మన దేశంలో కార్లు అమ్మడం ఆపేసింది. ఇంజిను మనకన్నా ఎక్కువకాలం బతికినా, దాని చుట్టూ ఉండే చిన్న చిన్న సామాన్లు దొరక్క బండి మూల కూర్చుంటుంది. రెండో బండిగా ఒకటి పెట్టుకోగలిగిన స్థోమత ఉంటే లీనియానే కొనేవాణ్ణి. ఇంట్లో ఉన్న ఒక్క బండీ అదే కావడం కుదరదు.

చివరికి నా చూపు మారుతి బాలెనో ఆర్‌ఎస్ మీద ఆగింది. 2017లో వచ్చి, బీఎస్ 6 పొగ నిబంధనల ముందు 2020లో ఆగిపోయింది. 998 సీసీ బూస్టర్‌జెట్, మూడు సిలిండర్లు, 102 పీఎస్, 150 న్యూటన్ మీటర్లు. అంకెలు చిన్నవే. బండి బరువు 950 కిలోలు మాత్రమే, అదీ దాని కిటుకు. వెనక కూడా డిస్క్ బ్రేకులు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఇదే కుటుంబం ఇంజిను 2023లో ఫ్రాంక్స్‌లో మళ్ళీ వచ్చింది. అంటే దాన్ని చదివిన మెకానిక్ మన ఊరి షోరూములోనే ఉంటాడు.

దీని బలహీనత కూడా చెప్పుకోవాలి. పెట్రోలు నేరుగా సిలిండరులోకి చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వులను పెట్రోలు కడగదు, మసి మెల్లగా పేరుతుంది. ఇంకొకటి, ఇలాంటి చిన్న టర్బోలన్నిటికీ వర్తించేది: పై గేరులో, 1,500 ఆర్‌పీఎం దగ్గర బండి మూలుగుతుండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను దెబ్బ తీయవచ్చు. దీన్ని తట్టుకోవడానికే 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణాలు వచ్చాయి. టర్బో ఉన్నవాళ్ళు ఆయిల్ డబ్బా మీద ఎస్‌పీ అక్షరాలు చూసి కొనండి. ఎగువలో గేరు తగ్గించి తొక్కండి. మైలేజీ కోసం అయిదో గేరులో మూలిగించే అలవాటు టర్బోకు పనికిరాదు.

మా నాయనకు ఈ జాబితా అంతా చదివి వినిపించాను. ఆయన హార్స్‌పవర్ అడగలేదు. "ఎక్కేది ఏ బండైనా ఎక్కుతాది నాయనా. దిగేటప్పుడు ఇంజిను పట్టుకుంటాదా, వదిలేస్తాదా, అది చెప్పు" అన్నాడు. ఎక్కే బండ్లు 1974 నాటి రెండో ఘాట్ మీదుగా, దిగే బండ్లు 1944 నాటి మొదటి ఘాట్ మీదుగా వస్తాయి. ఆ పాత దారిలో మలుపు వెనక మలుపు. ఏ గేరులో ఎక్కుతావో అదే గేరులో దిగాలన్నది ఆయన నేర్చుకున్న చదువు. బ్రేకు మీదే కాలు ఉంచి దిగితే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది, బ్రేకు ఆయిల్ పాతదై నీరు పట్టి ఉంటే మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. ఈ విషయంలో చిన్న ఇంజిను లోపం ఒప్పుకోవాలి. రెండో గేరులో దిగేటప్పుడు 998 సీసీ ఇంజిను బండిని పట్టుకునేదానికన్నా 1799 సీసీ సివిక్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. బండి తేలిక కావడం, వెనక డిస్కులు ఉండడం దాన్ని చాలావరకు పూడుస్తాయి. నాయన కాసేపు ఆలోచించి, "బ్రేకు ఆయిల్ మాత్రం రాంగానే మార్పించు" అన్నాడు. ఆయన ఒప్పుకున్నట్టే.

బండి వెతకడం గురించి కూడా చెప్పాలి, ఇక్కడే మనకొక అదృష్టం ఉంది. చెన్నై, బెంగళూరు రెండూ మనకు అందేంత దూరంలో ఉన్నాయి, బండ్లు కుప్పలు. దాంతోపాటు చెన్నైలో 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు తుపానులో మునిగిన బండ్లూ ఉన్నాయి. మన తిరుపతిలో కూడా 2021 నవంబరులో వీధుల్లో కార్లు తేలాయి కదా. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దాక్కుంటుంది. సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో ఇసుక కూడా చూడాలి. పైన ఎంత పాలిష్ పెట్టినా ఈ మూడు చోట్లా ఎవరూ తుడవరు.

అమ్మేవాళ్ళకు ముందు రోజే ఫోన్ చేసి, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని చెప్తాను. పోగానే బానెట్ మీద అరచెయ్యి పెడతాను. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిను చెప్పే నిజం ఆరోజు దొరకదు. చల్లటి ఇంజిను తిప్పిన మొదటి రెండు మూడు క్షణాల్లో గలగలమంటే చెయిన్ సాగింది, లేదా టెన్షనర్ బలం తగ్గింది. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే నీళ్ళు లోపలికి పోతున్నాయి.

తర్వాత స్కానర్ పెడతాను. బండి కంప్యూటరును చదివి ఫోనులో చూపించే చిన్న ఓబీడీ ముక్క, ఖరీదు పెద్దగా ఉండదు. చాలామంది అందులో ఎర్రర్ కోడ్‌లు ఉన్నాయా లేవా అని మాత్రమే చూస్తారు. నేను రెడీనెస్ చూస్తాను. బండి తన సెన్సార్లను తనే పరీక్షించుకుని "పూర్తయింది" అని రాసుకుంటుంది. కోడ్‌లు చెరిపితే అవి కూడా చెరిగిపోయి, మళ్ళీ కొంత దూరం తిరిగేదాకా "పూర్తి కాలేదు" అనే ఉంటాయి. తిరుచానూరు రోడ్డులో ఒక బండి చూశాను, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. తళతళలాడుతోంది, కోడ్ ఒక్కటీ లేదు. రెడీనెస్‌లో సగం పరీక్షలు పూర్తి కాలేదు. బ్యాటరీ మార్చినందుకు చెరిగాయేమో అనుకుందామంటే బ్యాటరీ కొత్తది కాదు. అంటే నేను వస్తున్నానని తెలిసి ఎవరో చెరిపారు. కూలంట్ మూత తీస్తే టీ రంగు. దండం పెట్టి వచ్చేశాను. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె కూడా చూడండి, పెట్రోలును కంప్యూటరు ఎంత పెంచి తగ్గించి సర్దుకుంటోందో అది చెప్తుంది, సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే ఇంజిను ఊపిరి సక్రమంగా ఉన్నట్టు.

నా ఆర్‌ఎస్ చెన్నైలో దొరికింది. 2018 మోడల్, ఒకే ఓనరు, రిటైరైన ఉపాధ్యాయుడు. ఆయన ప్రతి సర్వీసు బిల్లునూ తేదీల వారీగా దారం కట్టి ఉంచాడు. ఆయిల్ కంపెనీ చెప్పినదానికన్నా ముందే మార్చేవాడు. కూలంట్ మార్చిన బిల్లు ఆ కట్టలో కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూపిస్తానని ఆయనే దగ్గరి షెడ్డుకు తీసుకుపోయాడు. మూడు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం కూడా లేదు. బేరం పెద్దగా ఆడలేదు. అలా చూసుకున్న బండికి పది వేలు ఎక్కువ ఇవ్వడం నష్టం కాదు.

పక్క రాష్ట్రం బండి కొనేవాళ్ళు కాగితాల సంగతి మరవద్దు. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, ఓనరు సంతకాలతో పేరు మార్పు ఫారాలు 29, 30, లోను ఉండి తీరిపోయి ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35. మన దగ్గర లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టాలి, అది బండి వయసును బట్టి. ఈ ఖర్చు కలిపాకే బండి ధర చెప్పుకోవాలి. చెన్నైలో చవక అని పరిగెత్తేవాళ్ళు చాలామంది దీన్ని లెక్కలో వేసుకోరు.

తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా ఇంటికి తెచ్చుకున్నాను. మరుసటి వారమే ఎస్‌పీ గ్రేడు ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, నాయన చెప్పిన బ్రేకు ఆయిల్ మార్పించాను. ఆయిల్ ఇకపై 7,500 కిలోమీటర్లకే మారుస్తాను. మన ఎండలో టర్బోకు అంతకన్నా ఎక్కువ లాగడం నాకు ఇష్టం లేదు. కొండ ఎక్కాక ఇంజిను వెంటనే ఆపకుండా ఒక నిమిషం అలాగే తిరగనిస్తాను. లేకపోతే టర్బోలో ఆగిపోయిన ఆయిల్ ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. డిక్కీలో ఎప్పుడూ ఒక లీటరు కూలంట్, డిస్టిల్డ్ వాటర్ సీసా ఉంటాయి. ఇక టైర్లు మిగిలాయి, ఈసారి జీతం రాగానే.

తిరుపతి, చంద్రగిరి, పాకాల, చిత్తూరు వైపు ఎవరైనా పాత టర్బో బండి చూడబోతుంటే నాకు చెప్పండి. స్కానర్ తీసుకుని ఆదివారం పొద్దున్నే వస్తాను. అమ్మేవాళ్ళతో మాత్రం ముందు రోజే మాట్లాడి పెట్టండి, మనం వెళ్ళేదాకా బండి స్టార్ట్ చేయవద్దని.